ఆషాఢంలో నేను చేసే బ్యాకప్ పని

మూడేళ్ళ కిందట మాఘమాసంలో ఒక పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల హార్డ్ డిస్క్ టక్ టక్‌మని నాలుగుసార్లు కొట్టుకుని ఊరుకుంది. మాది తెనాలి. ముందు గదిలో శుభలేఖల డీటీపీ చేస్తాను. ఆ రోజు చేతిలో పదకొండు పెళ్ళిళ్ళ కార్డులున్నాయి. అయినా నేనేం కంగారుపడలేదు, బ్యాకప్ ఉందిగా అని. కొత్త డిస్క్ పెట్టించి, విండోస్ ఎక్కించి, ఫైళ్ళన్నీ వెనక్కి తెచ్చి మొదటి కార్డు తెరిచాను. పెళ్ళికూతురి పేరుండాల్సిన చోట అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, మధ్య మధ్య డాలరు గుర్తులు.

ఫైళ్ళు వచ్చాయి, ఫాంట్లు రాలేదు. పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఫైల్లో ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, వాటికి తెలుగు రూపు తొడిగేది ఫాంట్. అదేమో సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఎక్కడో ఉంటుంది. నేను దాచుకున్నది డాక్యుమెంట్స్ ఒక్కటే. అటక మీద ఫాంట్ల సీడీ దొరికేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పెళ్ళివారికి ఏం చెప్పానో ఇక్కడ రాయను.

అప్పట్నుంచి ఏటా ఆషాఢం రాగానే, ముహూర్తాలుండవు కాబట్టి, డిస్క్ పోయిందనే అనుకుని అన్నీ వెనక్కి తెచ్చి చూస్తాను. మీరూ చెయ్యాలనుకుంటే నా పద్ధతి ఇది.

ముందు ఒక భ్రమ వదిలించుకోండి. విండోస్ ఎక్కించడానికి వచ్చిన ప్రతి అబ్బాయీ "ముఖ్యమైనవి డి డ్రైవ్‌లో పెట్టుకోండి మేడమ్" అంటాడు. చాలా ఇళ్ళలో సి, డి రెండూ ఒకే డిస్క్‌ని రెండు గదులు చేసినవే. విండోస్ పాడైతే డి బతుకుతుంది నిజమే, డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి. డిలో ఇంకో కాపీ పెట్టుకుంటే అది లెక్కలోకి రాదు.

ఏమేం దాచాలో ఒక కాగితం మీద రాసుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి వేరే: ఫాంట్లు, బ్రౌజర్ బుక్‌మార్కులు, డౌన్‌లోడ్స్‌లో పడేసి వదిలేసిన ఫొటోలు, టాలీ వాడేవాళ్ళకి దాని డేటా ఫోల్డర్. కంట్రోల్ ప్యానెల్‌లో ఫాంట్స్ తెరిచి, మీకు కావలసినవి ఎంచుకుని కాపీ చేసి, వేరే ఫోల్డర్లో పేస్ట్ చేస్తే చాలు. ప్రోగ్రాములు మాత్రం అలా కాపీ చేస్తే రావు. వాటి సీడీలూ, లైసెన్స్ నంబర్లూ ఒక కవర్లో వేసి ఉంచండి.

ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఇంటి అవసరానికి ధారాళంగా సరిపోతుంది. కంప్యూటర్‌కి తగిలిస్తే 931 జీబీ అనే చూపిస్తుంది. షాపువాడు మోసం చెయ్యలేదు, కంపెనీ వెయ్యితో లెక్కకడితే విండోస్ 1024తో లెక్కకడుతుంది, అంతే. పాత పెన్‌డ్రైవ్‌లో చోటున్నా పెద్ద పెళ్ళి వీడియో పట్టకపోతే అది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందని అర్థం. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతికి ఫార్మాట్ చేసుకోండి. ఫార్మాట్ చేస్తే లోపలున్నవి పోతాయి, ముందే తీసి పక్కన పెట్టుకోండి.

డిస్క్ తగిలించి కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ అండ్ సెక్యూరిటీ, అందులో ఫైల్ హిస్టరీ తెరవండి. టర్న్ ఆన్ నొక్కితే గంటకోసారి మారిన ఫైళ్ళని దాస్తుంది. పాత రూపాలు కూడా ఉంచుతుంది, నాకు ఇదే ప్రాణం. వరుడి తాతగారి పేరు నాలుగుసార్లు మార్చి, చివరికి మొదటిదే బాగుందనే పెళ్ళివారు నాకు నెలకొకరైనా తగులుతారు. విండోస్ 11లో మీ సొంత ఫోల్డర్ కూడా చేరాలంటే దాన్ని ఏదో ఒక లైబ్రరీలో కలపాలి: ఫోల్డర్ మీద రైట్ క్లిక్, షో మోర్ ఆప్షన్స్, ఇంక్లూడ్ ఇన్ లైబ్రరీ.

పనయ్యాక డిస్క్ పీకెయ్యండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే వైరస్ దానికీ అంటుకుంటుంది. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వాన్నాక్రై అనే వైరస్ వచ్చి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనే పట్టుకుంది, మన ముందు గది దానికొక లెక్కా? నేను సాయంత్రం దీపం పెట్టే వేళకి తగిలిస్తాను, వంటయ్యాక తీసేస్తాను.

రెండో డిస్క్ గుంటూరులో మా అక్క దగ్గర, పట్టుచీరల బీరువాలో ఉంటుంది. దొంగలు పడినా, ఇంట్లోకి నీళ్ళొచ్చినా అది ఉంటుంది. రెండు నెలలకోసారి వెళ్ళినప్పుడు డిస్కులు మార్చుకొస్తాను. "ఇందులో ఏం బంగారముందే?" అని అక్క ప్రతిసారీ అడుగుతుంది.

గూగుల్ డ్రైవ్ ఉందిగా అంటారు. ఉంది, ఉచితంగా 15 జీబీ, జీమెయిల్‌కీ ఫొటోలకీ కలిపి. కానీ సింక్ (ఇక్కడా అక్కడా ఒకేలా ఉంచే ఏర్పాటు) పెట్టుకున్న ఫోల్డర్లో ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది, ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది. అది మూడో కాపీగా పనికొస్తుంది, మొదటిదిగా వద్దు.

ఇక వెనక్కి తెచ్చుకోవడం. ఒక్క ఫైలే కావాలంటే ఫైల్ హిస్టరీలో రీస్టోర్ పర్సనల్ ఫైల్స్ తెరవండి. కింద ఎడమ బాణం నొక్కుతూ పోతే పాత తేదీలు వస్తాయి. కావలసింది దొరికాక ఆకుపచ్చ గుండ్రటి బటన్ నొక్కకండి, అది పాత చోటికే తెస్తుంది. రైట్ క్లిక్ చేసి రీస్టోర్ టు అని వేరే ఫోల్డర్లోకి తెచ్చుకుని, తెరిచి చూసుకోండి. తొందరపడి ఇవాళ్టి మంచి ఫైలు మీద నిన్నటిది పరిచేసుకున్న అనుభవం నాకుంది.

డిస్క్ మొత్తం పోతే, కొత్త విండోస్‌లో అదే ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి ఫైల్ హిస్టరీలో పాత బ్యాకప్ వాడతానని చెప్పొచ్చు. అదీ కుదరకపోతే డిస్క్ తెరిస్తే ఫైల్‌హిస్టరీ అనే ఫోల్డర్ ఉంటుంది, మామూలుగానే కాపీ చేసుకోవచ్చు. పేర్ల చివర తేదీ, సమయం అతికి ఉంటాయి. ఆ సమయం మనది కాదు, మనకంటే అయిదున్నర గంటలు వెనక. పొద్దున తొమ్మిదింటికి దాచింది మూడున్నర అని చూపిస్తే హడలిపోకండి.

ల్యాప్‌టాప్ వాళ్ళకి ఒక మాట. చాలా కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్క్‌లో ఉన్నవాటికి విండోసే తాళం (బిట్‌లాకర్) వేసి ఉంచుతుంది. డిస్క్ ఊడదీసి ఇంకో దానికి తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉందో లేదో ఇవాళే చూసి కాగితం మీద రాసుకోండి.

బ్యాకప్ లేకుండానే చెరిగిపోతే, ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా కంప్యూటర్ ఆపెయ్యండి. పాత రకం డిస్క్ అయితే ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములతో కొంత దొరుకుతుంది. ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్) అయితే ఆశ తక్కువ.

నిరుడు ఆషాఢంలో మేనల్లుడి ల్యాప్‌టాప్ మీద, విండోస్ తప్ప ఏమీ లేని దాని మీద, పరీక్ష పెట్టాను. ఫాంట్లు ఎక్కించాను, కార్డులు చేసే ప్రోగ్రాము పేజ్‌మేకర్ ఎక్కించాను, కార్డు తెరిచాను. తెలుగు నిండుగా వచ్చింది. పైనున్న వినాయకుడి బొమ్మ మాత్రం ఎక్కడుందో చూపించమని అడిగింది. బొమ్మ కార్డులో లేదు, ఎప్పుడో ఒక పెన్‌డ్రైవ్ నుంచి లాగి పెట్టాను, కార్డులో ఉన్నది దాని చిరునామా మాత్రమే. ఆ పెన్‌డ్రైవ్ ఎవరికిచ్చానో గుర్తులేదు. ఇప్పుడు ఒక్కో పెళ్ళికి ఒక్కో ఫోల్డర్, దాని లోపలే కార్డు, బొమ్మలు, ఫాంట్లు. వినాయకుణ్ణి మళ్ళీ స్కాన్ చేసుకున్నాను.