ట్రాక్‌పై నేర్చుకుని రోడ్డు రేసుల్లో నిలబడడం ఎలా

సైకిల్ రేసింగ్‌ను వృత్తిగా ఎంచుకోవాలనుకునే పదిహేను, పదహారేళ్ల పిల్లలు ట్రాక్ కావాలా, రోడ్డు కావాలా అని మొదటి ఏడాదే తేల్చుకోవలసిన అవసరం లేదు. నైపుణ్యం ట్రాక్‌పై త్వరగా అబ్బుతుంది, జీతం మాత్రం ఎక్కువగా రోడ్డు జట్లే ఇస్తాయి. బ్రాడ్లీ విగ్గిన్స్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత పర్స్యూట్ (ట్రాక్‌కు ఎదురెదురు వైపుల నుంచి బయలుదేరి ఒకరినొకరు తరిమే రేసు) స్వర్ణం గెలిచిన ఎనిమిదేళ్లకు, 2012లో మూడు వారాల రోడ్డు రేసు టూర్ ద ఫ్రాన్స్ గెలిచారు. గెరెయింట్ థామస్ 2008, 2012 ఒలింపిక్స్‌లలో టీమ్ పర్స్యూట్ స్వర్ణాలు సాధించి, 2018లో టూర్ విజేత అయ్యారు.

అయితే ఈ దారి అందరిదీ కాదు. స్ప్రింట్, కీరిన్ (మోటారు బండి వెనక వేగం పెంచుకుని చివర్లో దూసుకుపోయే రేసు), టీమ్ స్ప్రింట్ వంటి ట్రాక్ రేసుల ఫలితం కొద్ది సెకన్ల విస్ఫోటక బలంతో తేలుతుంది. వాటికి కావలసిన బరువైన తొడ కండరాలు కొండదారుల్లో భారమే అవుతాయి. భారతదేశానికి ఇప్పటివరకు పెద్ద పతకాలు వచ్చింది కూడా ఈ చిన్న దూరాల్లోనే. 2019లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో ఈసో ఆల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచారు. 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీల్లో రొనాల్డో స్ప్రింట్ రజతం సాధించారు. మీ బలం ఇదే అయితే రోడ్డు జట్ల వెంట పడి కాలం వృథా చేసుకోకండి. జాతీయ శిబిరంలో చోటు, రైల్వేలోనో సైనిక దళాల్లోనో క్రీడాకారుల కోటా ఉద్యోగం లక్ష్యంగా పెట్టుకోవడం వివేకం. నాలుగైదు నిమిషాలకు పైగా తీవ్రతను నిలబెట్టగలిగే శరీరం ఉన్నవారికే కింది మాటలు వర్తిస్తాయి.

ముందుగా వెలోడ్రోమ్‌లో, అంటే వాలు మలుపులున్న సైకిల్ ట్రాక్ మైదానంలో శిక్షణ పొందండి. ఢిల్లీ ఇందిరా గాంధీ స్టేడియంలో చెక్క ట్రాక్ ఉంది. హైదరాబాద్ వారికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వెలోడ్రోమ్ ఉంది. ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు, గేరు ఒక్కటే, చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. వేగం తగ్గించాలంటే కాళ్లతో పెడల్‌ను మెల్లగా అదిమిపట్టాలి, లేదా వాలు మీద పైకి ఎక్కాలి. 250 మీటర్ల ట్రాక్ మలుపుల్లో వాలు 42 డిగ్రీల దాకా ఉంటుంది కనుక, అక్కడ వేగం తగ్గితే టైరు జారుతుంది; మొదటి వారాల్లో కింది గీతల దగ్గర నిలకడగా తిరగడం అలవాటైన తర్వాతే పైకి వెళ్లాలి. కాలు ఆగకుండా వేగంగా, గుండ్రంగా తిరిగే ఈ అలవాటు తర్వాత రోడ్డు మీద ఎంతో అక్కరకు వస్తుంది.

ఆ తర్వాత రేసులను ఒక వరుసలో నేర్చుకోండి. టీమ్ పర్స్యూట్‌లో నలుగురు నాలుగు కిలోమీటర్లు ముందు చక్రానికి అంగుళాల దూరంలో తొక్కుతారు. మూడో రైడర్ గీత దాటిన సమయమే జట్టు సమయం. గాలి చాటున శక్తి ఆదా చేసుకోవడం, ముందు నడిపే వంతు రాగానే వేగం పెంచకుండా అదే వేగాన్ని నిలబెట్టడం ఇక్కడే వస్తాయి. ఒకే రోజు నాలుగు రేసులుండే ఆమ్నియం, అలసిన కాళ్లతోనే లెక్కలు వేయడం నేర్పుతుంది. ఇక మాడిసన్‌ను నా దృష్టిలో ఏ రోడ్డు రైడరూ వదులుకోకూడదు. ఇద్దరు భాగస్వాములు చేయి పట్టి ఒకరినొకరు రేసులోకి విసురుకుంటూ, పదేసి ల్యాపులకు ఒకసారి పాయింట్ల కోసం దూసుకుపోయే ఈ పోటీలో, కిక్కిరిసిన గుంపులో ఖాళీ ఎక్కడ ఏర్పడబోతోందో ముందే పసిగట్టే చూపు అలవడుతుంది. టూర్‌లో 35 దశలు (ఒక్కో రోజు రేసులు) గెలిచిన మార్క్ కావెండిష్ 2005లోనే మాడిసన్ ప్రపంచ విజేత అన్న సంగతి గుర్తుంచుకోండి.

రోడ్డుకు మారడం 19 నుంచి 22 ఏళ్ల వారుండే అండర్ 23 దశలో జరగాలి. స్వదేశీ పోటీల్లో సాధించిన ఫలితాలు జట్లకు అంతగా కనబడవు కాబట్టి, సైక్లింగ్ ఫెడరేషన్ లైసెన్సు, అనుమతి పత్రాలు చేతబట్టుకుని, వీలైతే ఒక వేసవి బెల్జియంలో గ్రామాల చుట్టూ జరిగే కెర్మెస్ రేసులు ఆడి రావాలి. పక్కగాలిలో తమ స్థానం నిలబెట్టుకోవడం, గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థాలు తింటూ నాలుగు గంటలు తొక్కడం ట్రాక్ నేర్పని విషయాలు. వాటిని విడిగా సాధన చేయాలి.

జట్టు దొరికినప్పుడు దాని స్థాయి చూడండి. అన్నిటికన్నా పై శ్రేణి అయిన వరల్డ్‌టూర్ జట్లలో కనీస వేతనం నియమంగా ఉంటుంది, కింది శ్రేణి అయిన పురుషుల కాంటినెంటల్ జట్లలో ఆ హామీ ఉండదు. కొన్ని సైకిల్, ప్రయాణ ఖర్చులతోనే సరిపెడతాయి. మహిళల వరల్డ్‌టూర్‌లో కనీస వేతనం 2020లో వచ్చింది. కొత్తగా చేరినవారి పని గెలవడం కాదు: నాయకుడికి నీళ్లు అందించడం, గాలికి అడ్డుగా నిలవడం. బహుమతి సొమ్మును జట్టు మొత్తం పంచుకోవడం ఆనవాయితీ.

ఒప్పందంపై సంతకం చేసేముందు ట్రాక్ పోటీలకు, జాతీయ శిబిరాలకు విడిచిపెట్టే రోజులను రాతపూర్వకంగా చేర్పించండి. ఫిలిప్పో గన్నా 2020, 2021లలో రోడ్డు టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీపడే రేసు) ప్రపంచ విజేతగా ఉంటూనే టోక్యో ఒలింపిక్స్‌లో టీమ్ పర్స్యూట్ స్వర్ణం గెలిచి, 2022లో గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కి రికార్డు సృష్టించారు. రెండు క్యాలెండర్లనూ జట్టుతో ముందే సరిచూసుకోకపోతే ఇంతటి ప్రతిభకైనా అలాంటి సంవత్సరాలు దక్కవు.

డోపింగ్ పరీక్షల జాబితాలో పేరు చేరితే, రోజూ ఎక్కడుంటారో ముందుగానే తెలపాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు తప్పితే నిషేధం పడుతుంది. జలుబు మందు, ప్రోటీన్ పొడి, బలానికి మంచిదని ఎవరో ఇచ్చిన లేహ్యం, ఏదైనా నోట్లో వేసుకునేముందు జట్టు వైద్యుడికి చూపించి, కొన్న రసీదునూ సీసానూ భద్రపరచండి.