గోడ పెంచే ముందు గేటు కింద చూడండి: ఇంటి ఆవరణలోంచి కుక్క బయటపడుతుంటే

"అన్నా, మా కుక్క గోడ దూకుతోంది. పైన ఇంకో రెండడుగులు జాలీ వెయ్యాలి, ఎంతవుతుంది?" నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. గేట్లు, ఫెన్సింగ్ పనిలో 14 ఏళ్ళుగా ఉన్నాను. నేను తిరిగి అడిగేది ఒక్కటే: దూకడం కళ్ళారా చూశారా? చూశామన్నవాళ్ళు బహు తక్కువ. కుక్క వీధిలో కనిపించింది, గేటు వేసే ఉంది, కాబట్టి గోడే దూకి ఉంటుందని లెక్క కట్టేస్తారు.

ఎక్కణ్ణుంచి పోతోందో తెలియకుండా రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. రాత్రి పడుకునే ముందు గోడ లోపలి వైపు, గేటు దగ్గర పలచగా ముగ్గుపిండి చల్లండి. సున్నం మాత్రం వద్దు, పాదాలు నాకితే నోరు కాలుతుంది. పొద్దున పిండి ఎక్కడ చెదిరిందో దారి అక్కడుంది. పాత ఫోన్ ఒకటి వీడియో ఆన్ చేసి కిటికీలో పెట్టినా సరే. ఈ పని మానేసి నేరుగా మేస్త్రీని పిలుస్తారు, అదే నాకు అర్థం కాదు.

అన్నీ మూసే ఉన్నాయి, కుక్క మాత్రం బయట ఉంది

దీని దగ్గర నేనే బోల్తా పడ్డాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

హైదరాబాద్ పక్కన ఘట్‌కేసర్ వైపు ఒక ఇల్లు. అయిదడుగుల కాంపౌండ్ గోడ, రెండు రెక్కల ఇనుప గేటు, 30 కిలోల లాబ్రడార్. ఆ ఇంటి పెద్దావిడ గట్టిగా చెప్పింది: "గోడ దూకుతోంది బాబూ, నేనే చూశా." నేనూ నమ్మేశాను. గోడ మీద యాంగిళ్ళు (ఎల్ ఆకారపు ఇనుప కమ్మీలు) నిలబెట్టి రెండడుగుల జాలీ బిగించి డబ్బులు తీసుకుని వచ్చేశాను. నాలుగో రోజు ఫోన్. కుక్క కిరాణా కొట్టు ముందు పడుకుని ఉందట.

పరువు పోయినట్టయింది. మర్నాడు వెళ్ళి అడిగాను, "అమ్మా, దూకుతుంటే చూశారా?" అని. "దూకి బయటికొచ్చాక చూశా" అంది.

ఎదురింటి అరుగు మీద కూర్చున్నాను. గంట గడిచింది. చెత్త బండి పాట వినపడగానే కుక్క లేచి వచ్చి, రెండు రెక్కలు కలిసే చోట కింద మూతి పెట్టింది. ఒక్క తోపు. రెక్కలు కింద మాత్రం విడిపోయాయి. తల, భుజాలు, నడుం అన్నీ బయటికి జారాయి. తోక బయటపడగానే గేటు ఠంగుమని మళ్ళీ మూసుకుంది. గొళ్ళెం వేసింది వేసినట్టే ఉంది. దగ్గరికెళ్ళి వంగి చూస్తే గేటు ఫ్రేము పైపు అంచున నాలుగు గోధుమరంగు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. నేను వచ్చిన మొదటి రోజే అక్కడ వంగి ఉంటే అవి కనిపించేవి.

ఎందుకిలా అవుతుంది? రెండు రెక్కల గేటుకి గొళ్ళెం మధ్యలో, మూడడుగుల ఎత్తులో ఉంటుంది. కింది భాగాన్ని పట్టి ఉంచేది నేలలోని కన్నంలోకి దిగే రాడ్ ఒక్కటే. ఆ కన్నం మన గుమ్మం ముందే ఉంటుంది కదా. రోజూ కళ్ళాపి చల్లుతాం, ముగ్గేస్తాం, కారు టైర్ల మట్టి పడుతుంది. మట్టీ పిండీ తడిసి, ఎండి, గట్టిపడి కన్నం పూడిపోతుంది. రాడ్ కిందికి వదిలితే చప్పుడు వస్తుంది, దిగిపోయిందనుకుంటాం. నిజానికి అది ఆ మట్టి బిళ్ళ మీద నిలబడి ఉంటుంది, లోపలికి దిగేది అరంగుళం కూడా ఉండదు. కుక్క తోస్తే పైపు ఫ్రేము కాస్త మెలితిరిగి దారి ఇస్తుంది, వదలగానే యథాస్థానానికి వస్తుంది. అందుకే ఆనవాలు మిగలదు.

చూసే పద్ధతి తేలిక. రాడ్ కిందికి వదిలి, అది నేలను తాకే చోట మార్కర్‌తో గీత పెట్టండి. పైకి లాగి గీత కింద ఎంత ఉందో టేపుతో కొలవండి. రెండు అంగుళాలు లేకపోతే రాడ్ లేనట్టే. తర్వాత గేటు మూసి లోపలి వైపు నేల మీద కూర్చుని, రెక్కలు కలిసే చోట కింద మోకాలితో గట్టిగా తొయ్యండి. నిలబడి చేత్తో తోస్తే లాభం లేదు, కుక్క తోసే ఎత్తు అది కాదు. మీ పిడికిలి దూరేంత సందు వస్తే పిల్లకుక్క పోతుంది, రెండు పిడికిళ్ళు దూరితే పెద్దదీ పోతుంది. తల పట్టిన చోట చాలావరకు ఒళ్ళూ పడుతుంది.

కన్నం శుభ్రం చేస్తే చాలనుకోకండి, మళ్ళీ నెలకు పూడుతుంది. డ్రిల్లుతో కన్నాన్ని ఎనిమిది అంగుళాల లోతుకు దించి, అడుగున రెండంగుళాలు చిన్న కంకర పోయండి. దాని మీద అంగుళం వ్యాసమున్న జీఐ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుము) పైపు ముక్కను, అడుగు తెరిచే ఉంచి, నేల మట్టానికి నిలబెట్టి చుట్టూ సిమెంటు పెట్టండి. 16 ఎంఎం రాడ్ అందులో హాయిగా దిగుతుంది, మట్టి అడుగుకు పోతుంది, నీళ్ళు ఇంకుతాయి. రాడ్ పొట్టిదైతే కింద ముక్క వెల్డింగ్ చేయించండి.

ఇంకో రెండు సంగతులు. చాలా గేట్లకు ఒక రెక్కకే రాడ్ ఉంటుంది, రెండో రెక్క గొళ్ళెం మీదే వేలాడుతుంది. రెండింటికీ ఉండాలి. రెండోది, గేటు వాలిపోయి రాడ్ కన్నం పక్కన దిగుతుంటే కొందరు కన్నాన్నే వెడల్పు చేస్తారు. అది చెయ్యకండి. వెడల్పు కన్నంలో రాడ్ ఊగుతుంది, రెక్క కూడా ఊగుతుంది. ముందు కబ్జాలు (గేటు తిరిగే మడతబందులు) సరిచేసి గేటు ఎత్తించండి. కారు తిరిగే గేటు కాకపోతే, బయటి వైపు ర్యాంపులో అంగుళం ఎత్తు యాంగిల్ ముక్క పాతితే ఇంకా మంచిది, రెక్క బయటికి వంగదు.

అద్దె ఇంట్లో డ్రిల్లు పెట్టనివ్వరంటే, రెండు రెక్కల కింది కమ్మీలకు గొలుసు చుట్టి తాళం వెయ్యండి. చూడ్డానికి బాగుండదు, పని చేస్తుంది.

చైన్‌లింక్ కింద నుంచి పోతోంది

పొలం ఇళ్ళలో, ఖాళీ ప్లాట్లలో రాతి కడీలు పాతి చైన్‌లింక్ (తీగలు అల్లిన డైమండ్ జాలీ) కడతారు. కుక్క పోయింది, గొయ్యి లేదు, జాలీ తెగలేదు అంటే ఇదీ గేటు లాంటి కథే. జాలీని కడీలకు మాత్రమే బైండింగ్ వైరుతో కట్టి, కింది అంచున అడ్డంగా తీగ లాగకుండా వదిలేస్తారు. కుక్క మూతితో ఎత్తుతుంది, దూరుతుంది, జాలీ మళ్ళీ కిందికి పడుతుంది. కింది అంచు వెంబడి మందపు జీఐ వైరు బిగుతుగా లాగి, అడుగుకొక చోట జాలీని దానికి కట్టండి. కడీల మధ్య దూరం పదడుగులుంటే నడుమ ఇనుప మేకు ఒకటి నేలలోకి దిగ్గొట్టి ఆ వైరును పట్టించండి.

గొయ్యి కనిపిస్తే అది తవ్వి పోతోంది. ఫెన్సింగ్ వెంట లోపలి వైపు అడుగున్నర వెడల్పు జాలీ నేల మీద పరిచి, నిలువు జాలీకి కట్టి, మీద మట్టి కప్పండి. కుక్క తవ్వేది అంచు దగ్గరే, అడుగున్నర వెనక్కి వెళ్ళి మొదలెట్టాలని దానికి తోచదు. పాత షాబాద్ బండలుంటే నిలువుగా అడుగు లోతు పాతినా చాలు. ఎండాకాలంలో చెట్టు కిందో కుళాయి పక్కనో తవ్వుతుంటే మాత్రం అది పారిపోవడానికి కాదు, చల్లటి మట్టిలో పడుకోవడానికి. నీడ చూపించండి.

నిజంగానే దూకుతోంది

వీడియోలో దూకడం కనిపించిందా, సరే. ముందు గోడ పక్కనున్నవి తియ్యండి: ఇసుక కుప్ప, బట్టలుతికే బండ, పాత డ్రమ్ము, మోటారు పెట్టె. అయిదడుగుల గోడ పక్కన రెండడుగుల బండ ఉంటే కుక్కకు అది మూడడుగుల గోడే. అప్పటికీ దూకితే గోడ మీద యాంగిళ్ళను లోపలికి వంచి జాలీ కట్టాలి. నిలువుగా కడితే బెల్జియన్ మాలినాయిస్ లాంటి చురుకైన జాతి కుక్కలు పట్టుకుని ఎక్కేస్తాయి. గాజు పెంకులు, ముళ్ళ తీగ వద్దు. కుక్క ఆగదు, పొట్ట చీరుకుంటుంది.

ఫెన్సింగ్‌కి ఇంటి కరెంటు కలుపుదామని అడిగేవాళ్ళూ ఉన్నారు. నేను ఆ ఇంటి గేటు కూడా ముట్టను. కుక్కే కాదు, బంతి కోసం వచ్చిన పిల్లాడూ చస్తాడు. కేసు సంగతి తర్వాత.

మిగతావి అరుదు. కాలితో గొళ్ళెం తీసేవి ఉంటాయి, దానికి ఒక తాళం చాలు. వాన నీళ్ళు పోయే తూములోంచి చిన్న జాతులు దూరుతాయి, రెండు కమ్మీలు అడ్డం పెట్టండి. జాలీ కొరికేవి నేను రెండే చూశాను.

కంచె ఎంత బాగున్నా ఆగని రోజులు కొన్నుంటాయి. దీపావళి రాత్రి బాంబుల భయానికి బెదిరిన కుక్క ఏ గోడకైనా ఎగబడుతుంది, ఆ రాత్రి ఇంట్లో ఉంచి తలుపు వెయ్యండి. వీధిలో ఆడకుక్క ఎదకొస్తే మగకుక్క మూడు వారాలు స్థిమితంగా ఉండదు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గురించి పశువుల డాక్టరుని అడగండి. గొలుసుతో రోజంతా కట్టేస్తే పోదు కదా అనేవాళ్ళకు ఒక మాట: కట్టేసిన కుక్కను తిప్పకుండా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే.

పైపు వేశాక కూడా గేటు కడిగిన రోజు రాడ్ కన్నంలో ఒక పుల్ల పెట్టి లోతు చూడండి. ధనుర్మాసంలో వారానికోసారి చూడాలి, ఆ నెలంతా ముగ్గులే కదా. ఘట్‌కేసర్ ఆవిడ ఇప్పుడు ముగ్గేసే ముందు ఆ పైపు మీద కొబ్బరిచిప్ప బోర్లిస్తుంది.