పసిపిల్లల డైపర్ దద్దుర్లకు ఆయుర్వేద పద్ధతిలో ఉపశమనం ఎలా కలిగించాలి?

ప్రాచీన ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహితలో, రోగకారణాలు చెప్పే నిదానస్థానంలో, క్షుద్రరోగాల (చిన్న రోగాల) వరుసలో, మలద్వారం చుట్టూ దురద, పుండ్లు వచ్చే ‘అహిపూతనం’ అనే శిశురోగం ప్రస్తావన ఉంది. మలమూత్రాలు అంటిన చోటును కడగకపోవడం, చెమట పట్టిన బిడ్డకు స్నానం చేయించకపోవడం దానికి కారణాలని అందులో చెప్పారు. డైపర్లు లేని కాలంలో చెప్పినా ఆ కారణాలు నేటి దద్దుర్లకూ వర్తిస్తాయి. కాబట్టి ముందు శుభ్రత, ఆ తరువాతే లేపనం.

1. డైపర్‌ను రెండు మూడు గంటలకొకసారి, మలవిసర్జన అయితే వెంటనే మార్చాలి. సువాసన వైప్స్ మాని, గోరువెచ్చని నీటితో ముందు నుంచి వెనుకకు కడిగి, మెత్తని నూలుగుడ్డతో రుద్దకుండా అద్దాలి.

2. కడగడానికి త్రిఫల, రేగు, చండ్రల కషాయాన్ని అదే గ్రంథం సూచిస్తుంది. ఇంట్లో త్రిఫల ఒక్కటే చాలు. ఒక చెంచా త్రిఫల చూర్ణాన్ని, అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల పొడిని, రెండు గ్లాసుల నీటిలో వేసి సగమయ్యే వరకు మరిగించి, పలుచని గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. నలుసు మిగిలితే ఒరుసుకుపోయిన చర్మాన్ని అది మరింత గీరుతుంది. పూర్తిగా చల్లారాక ముందు కాస్తంత చోట అద్ది, మంట, ఎరుపు పెరగలేదని చూసుకున్న తరువాతే మిగతా చోట వాడాలి. ఏ రోజు కషాయం ఆ రోజే కాచుకోవాలి. కాయల వగరు గుణం చెమ్మను తగ్గిస్తుంది. గుడ్డలకు మరక పడుతుందన్నది వేరే మాట. చర్మం చిట్లి రసి కారుతుంటే ఈ కషాయం వద్దు.

3. రోజుకు కొన్నిసార్లు పది పదిహేను నిమిషాలు డైపర్ లేకుండా పొత్తిగుడ్డ మీద పడుకోబెట్టాలి. నా ఉద్దేశంలో అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేదీ, అందరూ సులువుగా వదిలేసేదీ ఇదే.

4. చర్మం బాగా ఆరాక కొబ్బరినూనె పలుచగా రాయవచ్చు. ఆవునెయ్యిని రాగి పాత్రలో నీటితో నూరుసార్లు కడిగి చేసే శతధౌత ఘృతం అనే పూతమందును ఇంట్లో చేయడం కంటే వైద్యుని సలహాతో కొనడం మేలు.

పసుపు ముద్ద, నిమ్మరసం, సున్నిపిండి దద్దుర్లపై మంట పుట్టించవచ్చు. టాల్కం పౌడర్ ఊపిరితో లోపలికి పోతుంది. కర్పూరం కలిపిన నూనె అసలు వాడరాదు. కర్పూరం పసివారిలో మూర్ఛకు దారితీయగలదు.

గజ్జల మడతల్లో ముదురు ఎరుపు, దాని చుట్టూ చిన్న చుక్కలు కనబడితే అది ఫంగస్ కావచ్చు, దానికి వేరే మందు కావాలి. పొక్కులు, చీము, రక్తం, జ్వరం ఉన్నా, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, బిడ్డకు నెల నిండకపోయినా పిల్లల వైద్యుని వద్దకు తీసుకువెళ్లి, అప్పటిదాకా ఏమేమి రాశారో దాచకుండా చెప్పాలి.