ఫంక్షన్ హాల్లో బేస్ వినపడాలంటే

బేస్ గిటార్ వాయించే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. పెళ్లి రిసెప్షన్లలో బేస్ వినపడట్లేదని చాలామంది ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) మీద కింది స్వరాలను పెంచే బేస్ నాబ్ పూర్తిగా తిప్పేస్తారు. దాంతో హాలంతా గుయ్యిమని మోగుతుందే తప్ప ఏ స్వరం వాయించామో ఎవరికీ తెలియదు.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావుపాటి ఇ తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. చిన్న స్పీకర్లు అంత కిందికి సరిగ్గా దిగలేవు. అక్కడ మన చెవి స్వరాన్ని పట్టుకునేది ఎక్కువగా 82, 123 హెర్ట్జ్ దగ్గరా ఆపైనా వచ్చే హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటే పలికే పై స్వరాలు) వల్లే. అందుకే బేస్ నాబ్ మధ్యలోనే ఉంచి, మిడ్ (మధ్యస్థాయి స్వరాల నాబ్) కొంచెం పెంచండి. ఇంట్లో ఒంటరిగా వింటే ఆ టోన్ గరుకుగా అనిపిస్తుంది, కంగారు పడకండి. డ్రమ్స్, కీబోర్డ్ కలిశాక చక్కగా కుదురుకుంటుంది. సౌండ్ చెక్‌లో పొడవాటి కేబుల్‌తో హాలు మధ్యకు నడిచి ఒకసారి వినండి. స్టేజీ మీద వినేది నమ్మొద్దు.

ఇంకోటి, యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్న బేస్ గిటార్) అయితే వాయించడం అయ్యాక కేబుల్ పీకేయండి. చాలావాటిలో జాక్ గుచ్చి ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఓసారి రిసెప్షన్ మధ్యలో నా బేస్ గరగరలాడి ఆగిపోయింది. అప్పటి నుంచి కేసులో కొత్త బ్యాటరీ లేకుండా ఇంట్లోంచి కదలను.