మొండి క్రిములు పక్క మంచానికి పాకకుండా: చెయ్యి, గుడ్డ, సింకు

ఐసీయూలో ఒకరికి కార్బపెనెమ్ అనే శక్తిమంతమైన యాంటీబయాటిక్‌కూ లొంగని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా వచ్చిందని ల్యాబ్ రిపోర్టు చెబితే, అందరి చూపూ వెంటనే యాంటీబయాటిక్ మీదకు పోతుంది. ఆ రోగికి మందు ఎలాగూ కావాలి. పక్క మంచాన్ని కాపాడేది మాత్రం మందు కాదు. ఈ క్రిములు వాటంతటవి ఎక్కడికీ నడిచిపోలేవు. మన చేతుల మీదో, తుడిచే గుడ్డ మీదో, సింకు నీటి చుక్కలతోనో ప్రయాణిస్తాయి. ఎసినెటోబాక్టర్ లాంటివి ఎండిన మంచం కమ్మీ మీద కూడా వారాలు, ఒక్కోసారి నెలలు బతికి ఉంటాయి.

ముందు చేతుల సంగతి. హ్యాండ్ రబ్ (చేతులకు రుద్దుకునే ఆల్కహాల్ ద్రావణం) సీసా గుమ్మం దగ్గర గోడకు వేలాడితే సరిపోదు. మంచం దగ్గర నిలబడినవాళ్ల చేతికి అందాలి. అరచేయి నిండా తీసుకుని 20 నుంచి 30 సెకన్లు, చర్మం ఆరేదాకా రుద్దాలి. బొటనవేళ్లు, వేలికొసలు, వేళ్ల సందులే ఎక్కువగా మిగిలిపోయే చోట్లు. చేతులకు మురికి కనిపిస్తున్నా, రోగికి క్లోస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు ఉన్నా సబ్బూ నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు కడగాల్సిందే. ఆ బ్యాక్టీరియా గట్టి పొరతో ఏర్పరచుకునే బీజాలను (స్పోర్లను) ఆల్కహాల్ చంపలేదు. రోగిని ముట్టుకున్నాక చేతులు శుభ్రం చేసుకోవడం చాలామందికి అలవాటే, ఎందుకంటే అది తన భద్రత. ముట్టుకోబోయే ముందు, క్యాథెటర్‌నో ఐవీ లైన్‌నో పట్టుకోబోయే ముందు చేసేదే తప్పిపోతుంది. రోగిని తాకకుండా ఇన్ఫ్యూజన్ పంపు (మందులు ఎక్కించే మిషన్) బటన్ ఒక్కటే నొక్కి వెళ్లిపోయినా చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే.

గ్లౌజులు వేసుకుంటే చేతులు శుభ్రమైనట్టే అనుకోవడం పెద్ద చిక్కు. అవే గ్లౌజులతో రోగినీ, కీబోర్డునూ, డ్రాయరునూ ముట్టుకుంటే క్రిమికి మనమే బండి కట్టినట్టు. గ్లౌజులు తీయగానే మళ్లీ హ్యాండ్ రబ్ వాడాలి. సబ్బు సీసా అడుగంటినప్పుడు కొత్త సబ్బు పైన పోయకండి. పాత తడిలో పెరిగిన క్రిములు కొత్త సబ్బులోకీ దిగుతాయి. సీసా మార్చండి, లేదా కడిగి పూర్తిగా ఆరబెట్టాకే నింపండి.

ఇక తుడవడం. బ్లీచ్ వాసన వస్తే శుభ్రమైనట్టు కాదు. రక్తం, చీము, మలం ఉన్నచోట క్లోరిన్ వాటి మీదే ఖర్చయిపోతుంది. ముందు డిటర్జెంటుతో తుడవాలి, ఆ తర్వాతే క్రిమిసంహారకం. 5 శాతం హైపోక్లోరైట్‌తో (ద్రవ బ్లీచ్) 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో 1000 పాళ్ల క్లోరిన్) ద్రావణం కావాలంటే 10 లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌లో 200 మిల్లీలీటర్ల హైపోక్లోరైట్ పోసి, చల్లని నీటితో 10 లీటర్లకు నింపాలి. రక్తం ఒలికిన చోటికి 5000 పీపీఎం కావాలి. అంటే ఒక పాలు హైపోక్లోరైట్‌కు తొమ్మిది పాళ్ల నీళ్లు. డబ్బా మీద శాతం చూడకుండా అలవాటుగా కలిపితే లెక్క తప్పుతుంది. ఎండలో, వేడిలో ఉంచిన డబ్బా శక్తి తగ్గిపోతుంది. కలిపిన ద్రావణం ఆ రోజుకే, మిగిలితే పారబోయండి. యాసిడ్‌తోనో అమోనియా ఉన్న ద్రావణంతోనో కలిపితే విషవాయువు వస్తుంది, ఆ పని ఎప్పుడూ వద్దు.

గుడ్డను రెండుసార్లు మడిస్తే, విప్పుకుంటూ పోయేకొద్దీ ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక్కో ముఖంతో కొంత భాగం తుడిచి, మడత తిప్పి తాజా ముఖం తీసుకోవాలి. ఎనిమిదీ అయిపోతే గుడ్డ లాండ్రీకి వెళ్లాలి. మళ్లీ బకెట్‌లో ముంచకూడదు, ముంచితే బకెట్ నీళ్లే సూప్ అవుతాయి. పైనుంచి కిందికి, శుభ్రమైన చోటినుంచి మురికి చోటికి తుడుచుకుంటూ రావాలి. టాయిలెట్ చివర. మొండి క్రిమి ఉన్న గది వార్డు మొత్తంలో చివర. తుడిచిన చోటు, సీసా మీద రాసిన సమయం పూర్తయ్యేదాకా తడిగానే ఉండాలి. అర నిమిషంలో ఆరిపోతే ఆ ద్రావణం చేయాల్సిన పని చేయనట్టే. కాండిడా ఆరిస్ అనే మొండి ఫంగస్ విషయంలో క్వాటర్నరీ అమ్మోనియం రకం క్రిమిసంహారకాల్లో చాలావాటిని నమ్మలేం. దాని మీద పనిచేస్తుందని లేబుల్ మీద ఉన్నదో, క్లోరినో వాడండి.

వెంటిలేటర్ తెరనూ ఇన్ఫ్యూజన్ పంపునూ ఎవరు తుడవాలి? శుభ్రం చేసేవాళ్లకు మిషన్ ముట్టుకోవాలంటే భయం, నర్సులేమో వాళ్లే తుడిచారనుకుంటారు. చివరికి రోజూ అందరూ నొక్కే బటన్‌ను ఎవరూ తుడవరు. ఏ వస్తువు ఎవరి బాధ్యతో, ఏ షిఫ్టులో తుడవాలో కాగితం మీద రాసి వార్డులో అంటించండి. పని అయిందో లేదో తెలియాలంటే కాలింగ్ బెల్ మీదా మంచం కమ్మీ మీదా ఫ్లోరసెంట్ జెల్ చుక్క పెట్టి, మర్నాడు యూవీ లైటుతో చూడండి. చుక్క ఇంకా మెరుస్తుంటే అక్కడ గుడ్డ తగల్లేదన్నమాట. ఈ తనిఖీ తిట్టడానికి వాడితే మాత్రం అబద్ధపు టిక్కులే మిగులుతాయి.

ఎక్కువమంది మరిచిపోయేది సింకు. దాని గొట్టం వంపులో జిగట పొర పేరుకుని మొండి బ్యాక్టీరియా స్థిరపడుతుంది. కుళాయి ధార నేరుగా కాలువ రంధ్రం మీద పడితే చుక్కలు మీటరు దూరం దాకా ఎగురుతాయి. అందుకే సింకు పక్కన ఇంజెక్షన్లు కలపొద్దు, పట్టీలు పెట్టొద్దు. మిగిలిన గ్లూకోజ్ సెలైన్, గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం అందులో పారబోస్తే ఆ పొరకు తిండి పెట్టినట్టే, యాంటీబయాటిక్ పారబోస్తే దానికి లొంగని క్రిములే మిగిలి పెరుగుతాయి. ఒకసారి బ్లీచ్ పోసి ఊరుకుంటే కొన్నాళ్లకు అవే క్రిములు తిరిగి వస్తాయి. శుభ్రం చేసేటప్పుడు కుళాయి ముందు, తొట్టి తర్వాత, కాలువ రంధ్రం ఆఖరున. దానికి వాడిన గుడ్డ ఇంకెక్కడా వాడొద్దు.

రోగి వెళ్లిపోయాక కర్టెన్లు మార్చండి. స్టెతస్కోపు, బీపీ పట్టీ ఆ రోగికే విడిగా ఉంచి ఉంటే వాటినీ శుద్ధి చేశాకే బయటికి తీయండి. పరుపు కవర్ జిప్ తెరిచి లోపల చూడండి. చిరుగు గుండా ద్రవం దిగి స్పాంజి మీద మరక కనిపిస్తే ఆ పరుపు పారేయాల్సిందే, పైన ఎంత తుడిచినా లోపలికి చేరదు.