సెలెక్ట్ తీసేసి పోల్ పెట్టే ముందు టైమౌట్ జాగ్రత్తలు

ఇన్‌పుట్ వచ్చేదాకా ప్రోగ్రాంని ఆపి ఉంచే సిస్టమ్ కాల్స్ సెలెక్ట్, పోల్, ఈపోల్. పాత ప్రోగ్రాంలో సెలెక్ట్ తీసేసి పోల్ గానీ ఈపోల్ గానీ పెట్టబోతున్నారా? డిస్క్రిప్టర్ల (తెరిచిన ఫైళ్లు, కనెక్షన్ల నంబర్ల) సంగతి తర్వాత, ముందు టైమౌట్, అంటే ఎంతసేపు ఆగాలన్నది చూసుకోండి. సెలెక్ట్‌కి సమయం సెకన్లు, మైక్రోసెకన్లలో ఇస్తాం. పోల్, ఈపోల్ వెయిట్ (ఈపోల్‌లో ఆగే కాల్) మాత్రం మిల్లీసెకన్లలో ఒక పూర్ణాంకమే తీసుకుంటాయి. కొలత వెయ్యి రెట్లు ముతకైపోతుందన్నమాట.

ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. తర్వాతి టైమర్‌కి ఇంకా 400 మైక్రోసెకన్లు ఉందనుకోండి. దాన్ని సీ భాషలో 1000తో భాగిస్తే 0 వస్తుంది. పోల్‌కి 0 ఇస్తే ఆగకుండా చూసి వెంటనే వచ్చేయమని అర్థం. వచ్చి చూస్తే టైమర్‌కి ఇంకా సమయం కాలేదు. మళ్లీ లెక్క, మళ్లీ 0. ఆ కాసేపూ సీపీయూ ఊరికే గిరగిరా తిరుగుతుంది. టైమర్లు కొద్దిగా ఉంటే ఎవరికీ తెలియదు. సెకనుకి వందల టైమర్లు నడిచే సర్వర్‌లో ఇది పెద్ద దండగ. ఇలాంటి లూప్‌ని పట్టుకోవడానికి నాకు ఒకసారి రెండు రోజులు పట్టింది. లాగ్‌లో తప్పేమీ లేదు, ఫలితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, లోడ్ మాత్రం దిగలేదు. అందుకే భాగహారంలో మిగిలేదాన్ని వదిలేయకుండా పై అంకెకి తీసుకెళ్లండి: 999 కలిపి ఆ తర్వాత 1000తో భాగిస్తే సరిపోతుంది. పైథాన్‌లోని సెలెక్టర్స్ మాడ్యూల్ కూడా పోల్, ఈపోల్ టైమౌట్‌లను పైకే సవరిస్తుంది.

ఈ భాగహారం కంటే ముందు ఇంకో పని ఉంది. గడువు అప్పటికే దాటిపోతే తీసివేతలో మైనస్ అంకె వస్తుంది. పోల్‌కి మైనస్ అంటే ఎంతకాలమైనా ఆగమని. ఆలస్యమైన పనిని వెంటనే చేయాల్సిన ప్రోగ్రాం అక్కడే నిద్రపోతుంది. నా లెక్కన 0 కన్నా ఇదే ఎక్కువ భయపెట్టేది. మైనస్ వస్తే 0గా మార్చాకే భాగించండి. మరీ పెద్ద గడువుల్నీ గమనించండి. 32 బిట్ల పూర్ణాంకంలో మిల్లీసెకన్లుగా పట్టేది దాదాపు 24.8 రోజులే.

మధ్యలో సిగ్నల్ (ప్రోగ్రాంకి సిస్టమ్ పంపే కబురు) వచ్చి కాల్ తెగిపోతే పాత టైమౌట్‌నే మళ్లీ ఇవ్వకండి. అలా ఇస్తే సిగ్నల్ వచ్చినప్పుడల్లా గడువు జరిగిపోతూనే ఉంటుంది. గడువును మోనోటోనిక్ క్లాక్ (ఎప్పుడూ ముందుకే నడిచే గడియారం) మీద ఒక్కసారి నిర్ణయించుకుని, ప్రతి కాల్‌కీ ముందు మిగిలిన సమయం లెక్కేయండి. గోడ గడియారం, అంటే తేదీ, టైమ్ చూపే సిస్టమ్ గడియారం వాడితే ఎవరైనా టైమ్ మార్చినప్పుడు లెక్క తప్పుతుంది. సెలెక్ట్ ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే ఒక మాట. లినక్స్‌లో అది మిగిలిన సమయాన్ని మనం ఇచ్చిన స్ట్రక్చర్‌లోనే రాసేస్తుంది, చాలా ఇతర సిస్టమ్‌లు రాయవు. అందుకే ప్రతిసారీ కొత్తగా నింపండి.

ఇన్‌పుట్ రాకపోతే కనీసం ఇంతసేపు ఆగమని చెప్పడమే టైమౌట్. సరిగ్గా అదే క్షణానికి లేపుతానని సిస్టమ్ మాట ఇవ్వదు. లినక్స్‌లో మామూలు ప్రాసెస్‌కి టైమర్ స్లాక్ (లేపడంలో సిస్టమ్ తీసుకోగల వెసులుబాటు) 50 మైక్రోసెకన్లు. లోడ్ ఉంటే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. అందుకని 5 మిల్లీసెకన్లు ఇచ్చి 5.1 దాటకూడదని టెస్ట్ రాస్తే అనవసరపు టెన్షన్. నిజంగా సన్నని కొలత కావాలంటే నానోసెకన్లలో సమయం తీసుకునే పీపోల్, పీసెలెక్ట్ ఉన్నాయి. ఈపోల్‌కైతే లినక్స్ 5.11లో ఈపోల్ పీవెయిట్2 వచ్చింది.

మార్పు పూర్తయ్యాక ఒక నిమిషం ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాం చేసే సిస్టమ్ కాల్స్‌ని చూపే టూల్) పెట్టి చూడండి. టైమౌట్ 0తో వెళ్లి 0తోనే తిరిగొచ్చే కాల్స్ వరసగా కనిపిస్తే, ఆ కోడ్‌ని ఇంకా సర్వర్‌కి పంపకండి.