కంప్యూటర్‌ని పక్కన పెట్టుకుని చదరంగం ఆడడం ఎలా?

దాళ్వా కోతలైపోయి కాలవలు కట్టేశాక మా కోనసీమలో మధ్యాహ్నాలు ఒక పట్టాన తెమలవు. ఆ రోజుల్లో మా బాబాయి, నేను వీధి అరుగు మీద చదరంగం బల్ల వేస్తాం. రెండేళ్లుగా చెరో ఫోనూ పక్కన ఉంటోంది. అందులోని చెస్ ఇంజన్‌ని, అంటే ఎత్తులు లెక్కేసి చెప్పే ప్రోగ్రామ్‌ని, ఇద్దరం బాహాటంగానే అడుగుతాం. "అది చెప్పింది వేయడమేగా, ఇంక మీ ఆటేముంది?" అంటారు చూసినవాళ్లు. కానీ అడగడం తెలిసినవాడికే అది పనికొస్తుంది.

దీని పేరు అడ్వాన్స్‌డ్ చెస్. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చేతిలో ఓడిన రష్యా చదరంగ దిగ్గజం కాస్పరోవ్, మరుసటి ఏడాది స్పెయిన్‌లోని లియోన్‌లో బల్గేరియా గ్రాండ్‌మాస్టర్ టోపలోవ్‌తో ఇలా ఆడాడు. అంతకు నెల ముందు కంప్యూటర్లు లేని ఆటల్లో టోపలోవ్‌ని 4-0తో ఓడించినవాడు, ఇద్దరి పక్కనా కంప్యూటర్ చేరేసరికి 3-3తో సరిపెట్టుకున్నాడు. నాకు ఇంతకంటే ఇష్టమైనది 2005లో ఇంటర్నెట్‌లో జరిగిన ఫ్రీస్టైల్ టోర్నీ. గ్రాండ్‌మాస్టర్లు కంప్యూటర్లతో దిగిన ఆ పోటీలో గెలిచింది స్టీవెన్ క్రామ్టన్, జాకరీ స్టీఫెన్ అనే ఇద్దరు అమెరికా అమెచ్యూర్లు. వాళ్ల దగ్గరున్నవి మూడు కంప్యూటర్లు, వాటిని ఏ ఘట్టంలో ఏం అడగాలన్న నేర్పు.

ముందు సరంజామా. ఒక బల్ల, పావులు, గడియారం, చెరో నోటుపుస్తకం, ఫోన్‌లో స్టాక్‌ఫిష్ అనే ఇంజన్ ఉన్న యాప్. లీచెస్ యాప్ ఉచితమే, అందులో ఎనాలిసిస్ బోర్డు తెరిస్తే చాలు. మనిషికి గంట టైమ్ పెట్టుకోండి. పది నిమిషాల ఆటకి ఈ పద్ధతి పనికిరాదు, ఫోన్‌లో పావులు కదపడానికే టైమ్ అయిపోతుంది.

ఇప్పుడు అసలైన మెట్టు. ఇంజన్ ఆపి ఉంచండి. బల్ల చూసి, మీరైతే ఏ ఎత్తు వేస్తారో, ఎందుకో పుస్తకంలో ఒక్క వాక్యం రాయండి. "గుర్రాన్ని మధ్యకి తేవాలి, అక్కణ్ణించి దాన్ని బంటు తరమలేదు", ఇలా. రాశాకే ఇంజన్ ఆన్ చేయండి. ముందే చూస్తే మన బుర్ర ఆ ఎత్తు చుట్టూనే తిరుగుతుంది, ఇంకేదీ తోచదు.

సెట్టింగుల్లో మూడు దారులు, అంటే మూడు ఎత్తుల వరసలు, చూపించమని పెట్టండి. ఒక్కో దారికీ ఒక అంకె కనిపిస్తుంది. +1.00 అంటే తెల్లపావులకి సుమారు ఒక బంటంత లాభం అని అర్థం. ఇంజన్ ఎంత లోతుగా లెక్కేసిందో చెప్పే డెప్త్ అంకె పక్కనే ఉంటుంది, అది పెరిగేదాకా ఆగండి. మొదట్లో నేను ఆగేవాణ్ణి కాదు. ఒకసారి డెప్త్ 12 దగ్గర చూపించిన బంటుని ఆశగా తినేశాను. బాబాయి తన ఫోన్‌లో అదే స్థితిని 24 దాకా నడవనిచ్చారు. నా మంత్రి వెనక్కి రావడానికి గడి లేదని అక్కడ తేలింది. ఆ ఆట నాలుగు ఎత్తుల్లో ముగిసింది.

తర్వాత మూడు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఇది మనిషి పని. మొన్న నాకు మొదటి దారి +0.6, రెండోది +0.5 చూపించింది. మొదటిదానిలో నా రాజు బంట్ల చాటు వదిలి బయటికి రావాలి, వరసగా ఆరు ఎత్తులకి ఒక్కొక్కటే సరైన జవాబు. గడియారంలో ఎనిమిది నిమిషాలే ఉన్నాయి. ఆ టెన్షన్ నాకెందుకని రెండోది వేశాను. ఏనుగులు మారాయి, ఆట నా చేతిలోనే ఉంది.

ఇంకో జాగ్రత్త. బంట్లన్నీ ఎదురెదురుగా బిగుసుకుపోయిన స్థితిలో ఇంజన్ +2 అంటూ కూర్చోవచ్చు. నమ్మేయకండి. అది చెప్పిన దారినే ఫోన్‌లో పదిహేను ఎత్తులు ముందుకి నడిపించి చూడండి. అంకె కదలకపోతే, లోపలికి చొరబడే దారే లేదన్నమాట. దారి ఉండాలంటే ఎక్కడ బంటుని పోగొట్టుకోవాలో మీరు వెతికి, ఆ ఎత్తు వేసి ఇంజన్‌ని మళ్లీ అడగండి.

ఒక్కమాట గట్టిగా చెప్పాలి. ఇదంతా ఇద్దరూ ఒప్పుకున్న ఆటకే. మామూలు టోర్నీల్లో, లీచెస్‌లో అవతలివాళ్లతో ఆడేటప్పుడు ఇంజన్ చూడడం మోసం. ఐసీసీఎఫ్ అనే అంతర్జాతీయ సంస్థ నడిపే కరస్పాండెన్స్ చెస్‌లో, అంటే దూరాన ఉన్నవాళ్లు ఎత్తులు పంపుకుని ఆడే ఆటలో, మాత్రం అనుమతి ఉంది, అక్కడ ఒక్కో ఎత్తుకి రోజుల తరబడి టైమ్ ఇస్తారు. పిల్లలకి ఈ తేడా మొదటి రోజే చెప్పండి.

ఆట అయ్యాక పుస్తకాలు తీసి, మనం రాసిన ఎత్తు ఇంజన్ మూడు దారుల్లో ఎక్కడెక్కడ లేదో అక్కడ సున్నా చుట్టండి. బాబాయి పుస్తకంలో సున్నాలన్నీ ఏనుగులు మాత్రమే మిగిలిన ముగింపుల దగ్గరే ఉన్నాయి. ఈ వేసవంతా ఆయన ఫోన్ పక్కన పెట్టేసి, రెండు ఏనుగులు, నాలుగు బంట్లు పరుచుకుని అవే సాధన చేస్తున్నారు.